చలికి ముందే చెరువు చేరాలి

చేపను కోసి శుభ్రం చేసేటప్పుడు పొట్ట లోపల, వెన్నెముకకు అతుక్కుని, నల్లటి ఎరుపులో ఒక పట్టీ కనిపిస్తుంది. గడ్డకట్టిన నెత్తురేమో అనుకుని కత్తిమొనతో గీకి, రెండుసార్లు కడిగి పారబోస్తారు. అది చేప మూత్రపిండం. వెన్ను పొడవునా పరుచుకుని ఉంటుంది. వెనుక భాగం మూత్రం పని చూస్తుంది. మొప్పల వెనుక, పుర్రె అడుగున ఉండే ముందు భాగానికి మాత్రం పెద్ద చేపలో మూత్రంతో సంబంధమే ఉండదు. శాస్త్రవేత్తలు దాన్ని తల మూత్రపిండం అంటారు. మనకు ఎముకల మజ్జలో జరిగే రక్తకణాల తయారీ చేపకు ఇక్కడ జరుగుతుంది. చేప ఎముకల్లో అలాంటి మజ్జ లేదు. జ్వరమొస్తే మన మెడ దగ్గరో గజ్జల్లోనో చేతికి తగిలే బిళ్లల్లాంటి లింఫ్ గ్రంథులూ దానికి లేవు. రోగక్రిములను మింగే కణాలు పుట్టేదీ, యాంటీబాడీలను తయారుచేసే కణాలు ఎక్కువగా చేరేదీ మనం గీకి పారేసే ఆ పట్టీలోనే.

ఈ సంగతి వంటింటి కుతూహలంతో ఆగిపోయేది కాదు. గంభీరావుపేట మండలం నర్మాల దగ్గర ఎగువ మానేరు, మాన్వాడ దగ్గర ఇప్పుడు శ్రీ రాజరాజేశ్వర జలాశయమని పిలుస్తున్న మధ్య మానేరు, శ్రీరాంసాగర్ కాలువ నీళ్లతో నిండే జగిత్యాల, కోరుట్ల వైపు చెరువులు, ధర్మపురి దగ్గర గోదావరి: ఈ నీళ్లను నమ్ముకుని ముదిరాజ్, గంగపుత్ర, బెస్త కుటుంబాలెన్నో బతుకుతున్నాయి. 2016–17 నుంచి తెలంగాణ ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలను వదులుతోంది. ఎండాకాలం ఎండిపోయే చెరువులకు 35–40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాది పొడవునా నీళ్లుండే చెరువులకు, జలాశయాలకు 80–100 మిల్లీమీటర్ల పిల్లలు ఇవ్వాలని పథకం నిబంధన. బొచ్చె, రవ్వ, మ్రిగాల, బంగారు తీగ అందులో ప్రధానం. ఏటా ఈ పథకం మీద జరిగే మాటలన్నీ ఎన్ని లక్షల పిల్లలు వచ్చాయి, ఎన్ని చెరువుల్లో పోశారు అన్న దగ్గరే తిరుగుతాయి. పిల్లలు ఎప్పుడు వచ్చాయి, ఎన్ని వారాల వయసువి, ఏ స్థితిలో నీళ్లలో దిగాయి అని అడిగేవాళ్లు తక్కువ. చేప ఒంట్లోని రోగనిరోధక అవయవాల గురించి గడిచిన యాభై అరవై ఏళ్లలో తెలిసినవి చూస్తే, అసలు అడగాల్సినవి ఈ మూడు ప్రశ్నలే. ఎందుకంటే ఎకరం గుంటకైతే సున్నం చల్లవచ్చు, మేతలో మందు కలపవచ్చు. సాగుకూ తాగడానికీ వాడే జలాశయానికి మందు వేయలేం. అక్కడ చేప తన ఒంట్లో తెచ్చుకున్న బలమే దానికి మందు.

ఆ బలం చర్మం మీది జిగటతో మొదలవుతుంది. కొర్రమట్టను పట్టుకోవడానికి మన ఇళ్లలో బూడిద రాస్తారు కదా, చేయి జారనివ్వని ఆ జిగటలోనే క్రిముల గోడను కరిగించే లైసోజైమ్ లాంటి పదార్థాలు, యాంటీబాడీలు ఉంటాయి. చేప చర్మం మనిషి చర్మంలా మృతకణాల పొరతో కప్పి ఉండదు, పైపొర వరకూ బతికున్న కణాలే. వలలో ఒరుసుకుని ఒక పొలుసు ఊడిందంటే ఆ జాగాలో గోడ కూలినట్టే. తర్వాత మొప్పలు. ఊపిరి కోసం నీటిని నిరంతరం లోపలికి లాగే చోటు కాబట్టి క్రిములకు అది తెరిచిన వాకిలి. మొప్పల గదిలో పైమూలన, పలుచని పొర కింద, రెండు వైపులా థైమస్ ఉంటుంది. మామూలు కంటికి ఆనదు. రోగనిరోధకతలో కీలకమైన టి కణాలు పక్వమయ్యేది అక్కడ. ఇక పేగుల మడతల మధ్య ముదురు ఎరుపులో ఉండేది ప్లీహం, రక్తాన్ని వడపోసి క్రిములను పట్టే చోటు. తల మూత్రపిండం, థైమస్, ప్లీహం, వీటికి తోడు చర్మం, మొప్పలు, పేగు లోపలి పొరల్లో చెదిరి ఉండే కణాలు. చేపకున్న రక్షణ ఏర్పాటు దాదాపు ఇంతే.

ఇదంతా ఎలా తెలిసిందన్నది చెప్పుకోదగ్గ కథ. మొదట్లో వాడిన పద్ధతుల్లో ఒకటి చాలా సాదా: చేప ఒంట్లోకి నల్ల సిరా రేణువులు ఎక్కించి, కొన్ని గంటల తర్వాత కోసి, ఏ అవయవం నల్లబడిందో చూడడం. ఎముక చేపల్లో ఎక్కువగా నల్లబడినవి మూత్రపిండం, ప్లీహం. అంటే రక్తంలో తిరిగే పరాయి రేణువులను పట్టి మింగే కణాలు అక్కడ కాపు కాస్తున్నాయన్నమాట. తర్వాతిది ఇప్పటికీ ప్రతి ప్రయోగశాలలో జరిగే పని: అవయవాన్ని ఫార్మలిన్‌లో నిలవపెట్టి, మైనంలో పోతపోసి, మిల్లీమీటరులో రెండు వందల వంతు మందాన పొరలుగా తరిగి, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూడడం. ఆరోగ్యంగా ఉన్న తల మూత్రపిండం ఊదారంగు చుక్కలతో కిక్కిరిసి కనిపిస్తుంది. ప్రతి చుక్కా ఒక కణం కేంద్రకం. ఆ చుక్కల మధ్య అక్కడక్కడా గోధుమ, నలుపు రంగుల మచ్చలుంటాయి. అవి చెత్తను మింగిన కణాల గుంపులు. వయసు మీరినా, ఆకలితో మాడినా, నీళ్లు కలుషితమైనా అవి పెరుగుతాయి. అందుకే నీటి కాలుష్యాన్ని అంచనా వేయడానికి కొన్ని దేశాల్లో చేప ప్లీహాన్ని కోసి ఈ మచ్చలు లెక్కపెడతారు. మరమగ్గాలూ అద్దకాలూ ఉన్న సిరిసిల్ల లాంటి పట్నం దిగువన ఇలాంటి పరీక్ష ఒకటి ఏటా చేస్తే ఎంతో చెబుతుంది. అది వేరే వ్యాసానికి సరిపడే విషయం.

సన్నటి చారలుండే జీబ్రా చేప వచ్చాక ఈ శాస్త్రం వేగం మారిపోయింది. మన ఉపఖండపు వాగుల్లో పుట్టిన రెండంగుళాల చేప ఇది. ఇవాళ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో ఉంది, హైదరాబాద్ సీసీఎంబీలో కూడా. దాని పిల్ల అద్దంలా పారదర్శకం. థైమస్ కణాలు పచ్చగా వెలిగేలా జన్యువు మార్చిన చేపపిల్లను మైక్రోస్కోపు కింద పెడితే, దాన్ని కోయకుండానే, చంపకుండానే ఆ అవయవం రోజురోజుకీ పెరగడం చూడవచ్చు. ఇంత చూశాక ఇక కొత్తగా కనిపెట్టడానికి ఏం మిగిలింది అనుకుంటే పొరపాటు. 2005లో ట్రౌట్‌లో ఒక బృందం, జీబ్రా చేపలో మరో బృందం చేపలకే ప్రత్యేకమైన ఒక యాంటీబాడీని కనిపెట్టి రెండు వేర్వేరు పేర్లు పెట్టాయి. పేగులోనూ చర్మంపైనా కాపలా దాని పని అని తర్వాత తేలింది. 2023లో ఓస్లో విశ్వవిద్యాలయ బృందం జీబ్రా చేప గొంతు భాగంలో, మొప్పల దగ్గర, అంతవరకు ఎవరూ గుర్తించని లింఫ్ అవయవాన్ని బయటపెట్టింది. మన గొంతులోని టాన్సిల్స్ చేసే పని లాంటిది చేస్తుందని వాళ్ల ఊహ. అదే ఏడాది పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ బృందం రెయిన్‌బో ట్రౌట్ ప్లీహంలో, క్రిమిని ఎదుర్కొన్న కణాలు ఒకచోట చేరి మెరుగైన యాంటీబాడీలు తయారుచేసే గుంపులను చూపింది. అలాంటివి పక్షులకూ క్షీరదాలకూ మాత్రమే ఉంటాయని అప్పటిదాకా పాఠ్యపుస్తకాలు చెప్పేవి. చేప రోగనిరోధకత మోటుదన్న పాత అభిప్రాయం అలా వీగిపోతోంది.

మోటుది కాదు, కానీ అది పుట్టుకతో సిద్ధంగా ఉండేదీ కాదు. అసలు వాదం ఇక్కడ మొదలవుతుంది. గుడ్డులోంచి బయటపడిన చేపపిల్లకు మింగే కణాలూ, జిగటా లాంటి మొదటి రక్షణ మాత్రమే ఉంటుంది. ఫలానా క్రిమిని గుర్తుపట్టి, దానికి తగ్గ యాంటీబాడీ తయారుచేసి, రెండోసారి వస్తే జ్ఞాపకం పెట్టుకునే రక్షణ తర్వాత వస్తుంది. జీబ్రా చేపలో అది పక్వం కావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని తేలింది. బంగారు తీగ లాంటి కార్ప్ జాతి చేపల్లో కూడా ఆ శక్తి రోజుల్లో కాదు, వారాల్లో వస్తుంది. మరీ లేత వయసులో కొత్త క్రిమి పదార్థాన్ని చూపిస్తే దానితో పోరాడడానికి బదులు దాన్ని తనదిగానే భావించి ఊరుకునే ప్రమాదమూ ఉందని నెదర్లాండ్స్‌లో కార్ప్ మీద జరిగిన ప్రయోగాల్లో కనిపించింది. ఇప్పుడు మన హేచరీ లెక్క చూడండి. స్పాన్, అంటే అప్పుడే పొదిగిన పిల్ల, 25 మిల్లీమీటర్ల ఫ్రై కావడానికి రెండు మూడు వారాలు. అక్కడి నుంచి 80–100 మిల్లీమీటర్ల పిల్ల కావడానికి ఇంకో రెండు మూడు నెలలు. అంటే నిబంధనలో రాసిన కొలత పెద్ద చేపల నోటికి చిక్కకుండా ఉండడానికి మాత్రమే పనికొచ్చేది కాదు, తెలిసో తెలియకో అది రోగనిరోధక వయసుకు కూడా కొలత. ఆ కొలతకు తక్కువ పిల్లను లెక్క నింపడానికి పోస్తే, తల మూత్రపిండం ఇంకా పని నేర్చుకోని పిల్లను పోసే ప్రమాదం ఉంది. ఒక చిక్కు ఉంది: ఒత్తుగా పెంచి ఎదుగుదల ఆపిన ఏడాది పిల్లలు చిన్నవిగా ఉన్నా వయసులో పెద్దవి. కాబట్టి సప్లయర్ నుంచి కొలతతో పాటు స్పాన్ తేదీ కూడా రాయించుకోవాలి.

వయసుకు చలి తోడైతే సంగతి ఇంకా ముదురుతుంది. చేప ఒంటి వేడి నీటి వేడే. 1960ల చివర ఇజ్రాయెల్‌లో అవ్తాలియన్ అనే శాస్త్రవేత్త బంగారు తీగ మీద చేసిన ప్రయోగం ఇప్పటికీ పాఠాల్లో చెబుతారు. 12 డిగ్రీల నీటిలో ఉన్న చేపకు కొత్త పరాయి పదార్థం ఎక్కిస్తే యాంటీబాడీలు రాలేదు. అదే పదార్థాన్ని ముందు 25 డిగ్రీల దగ్గర చూపించి తర్వాత చల్లటి నీటిలోకి మార్చిన చేప మాత్రం యాంటీబాడీలు తయారుచేయగలిగింది. వెచ్చదనంలో ఒకసారి పరిచయమైన శత్రువును చేప చలిలోనూ ఎదుర్కొంటుంది, చలిలో మొదటిసారి ఎదురైన వాడి ముందు నిలబడలేకపోతుంది. మన చెరువు నీళ్లు 12 డిగ్రీలకు దిగవు, నిజమే. కానీ మన రాష్ట్ర చేప అయిన కొర్రమట్ట మీదే థాయిలాండ్ శాస్త్రవేత్తలు చేసి 1995లో ప్రచురించిన పని చూడాలి. ఒంటి మీద లోతైన పుండ్లు పడే ఈయూఎస్ జబ్బుకు కారణమైన అఫనోమైసిస్ అనే బూజు జాతి జీవిని కొర్రమట్టలకు ఎక్కించి, వేర్వేరు వేడిలో ఉంచారు. 31 డిగ్రీల దగ్గర చేప కణాలు బూజును చుట్టుముట్టి కట్టడి చేశాయి, చేపలు కోలుకున్నాయి. 19 డిగ్రీల దగ్గర ఆ ప్రతిఘటన బలహీనపడింది, చావులు పెరిగాయి. డిసెంబరు, జనవరిలో ఉత్తర తెలంగాణ చెరువు నీళ్లు తెల్లవారుజామున ఈ 19కి దగ్గరగా వస్తాయి. 1970ల మొదట్లో జపాన్, ఆస్ట్రేలియాలలో కనిపించి, ఆగ్నేయాసియా మీదుగా 1988లో ఈశాన్య రాష్ట్రాల్లో అడుగుపెట్టిన ఆ జబ్బు మన దేశమంతటా చలికాలంలోనే విరుచుకుపడేది ఇందుకే. బంగారు తీగ దాన్ని బాగా తట్టుకుంటుంది. బొచ్చె, రవ్వలు పెద్దవైతే తట్టుకుంటాయి, పిల్లలుగా ఉన్నప్పుడు కష్టం.

వయసు, చలి, ఈ రెండు ముక్కలూ కలిపితే వచ్చే అర్థం ఒక్కటే. జులై, ఆగస్టుల్లో, తొలి వానలకు నీళ్లు చేరిన వెంటనే వదిలిన పిల్లకు, చెరువులో ఉండే క్రిములన్నిటినీ వెచ్చటి నీటిలో పరిచయం చేసుకోవడానికి మూడు నాలుగు నెలలు దొరుకుతాయి. టెండర్లు సాగి సాగి అక్టోబరులో వదిలిన పిల్ల ఆ పరిచయం పూర్తికాకుండానే చలిలో పడుతుంది. కొన్నేళ్లు మన దగ్గర జరిగింది అదే. ఆలస్యమైతే పెరగడానికి సమయం చాలదని మత్స్యకారులు ఎప్పుడూ చెబుతుంటారు. సరైన మాటే. పెరుగుదలతో పాటు రోగం తట్టుకునే శక్తీ ఆ ఆలస్యంలోనే పోతోంది.

దీనికి తోడు ప్రయాణం. పిల్లల్లో ఎక్కువ భాగం కైకలూరు వైపు నుంచి, ఆక్సిజన్ నింపిన సంచుల్లోనో ట్యాంకు లారీల్లోనో రాత్రంతా కుదుపుల మీద వస్తాయి. తల మూత్రపిండం గురించి ఇందాక చెప్పని మాట ఒకటుంది. మనకు మూత్రపిండాల పైన విడిగా ఉండే ఎడ్రినల్ గ్రంథి పని, అంటే భయం, ఒత్తిడి కలిగినప్పుడు కార్టిసాల్ హార్మోన్ వదలడం, చేపలో ఆ తల మూత్రపిండమే చేస్తుంది. రోగంతో పోరాడే కణాలు పుట్టేదీ, ఆ కణాలను అణచే హార్మోన్ ఊరేదీ ఒకే చోట, పక్కపక్కనే. ఇంగ్లండ్‌లో విండర్‌మియర్ సరస్సు దగ్గరి పరిశోధకులు 1980ల్లో బ్రౌన్ ట్రౌట్లకు కార్టిసాల్ ఎక్కించి చూస్తే, ఏ కుదుపూ లేకుండానే, బూజు తెగుళ్లకూ బ్యాక్టీరియా పుండ్లకూ చచ్చే చేపలు పెరిగాయి. కార్ప్‌లో యాంటీబాడీ తయారుచేసే బి కణాలు కార్టిసాల్ తగిలితే తమంతట తాము చచ్చిపోతాయని తర్వాత నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. లారీ దిగిన పిల్ల ఈదుతూ కనిపిస్తే అంతా బాగానే ఉందని సంతకం పెట్టేస్తాం. ఆ పిల్ల వచ్చే కొన్ని రోజులు ఏ క్రిమికైనా లోకువే. సంచి చెరువులో తేలనిచ్చి, నీటి వేడి సమానమయ్యాక, చెరువు నీళ్లు కొద్దికొద్దిగా కలిపి వదలమని చెప్పే పాత సలహాకు ఒక కారణం ఇది. ఫొటోకు తొందరపడి కట్ట మీది నుంచి కుమ్మరించేవాళ్లు దీన్నే దాటేస్తారు.

ఈ వాదానికి కొన్ని అభ్యంతరాలు వస్తాయి, అన్నీ కొట్టిపారేసేవి కావు. చేపకు టీకా వేయవచ్చు కదా అంటారు. నార్వే ఉదాహరణ బలమైనదే: 1987లో సాల్మన్ పెంపకానికి దాదాపు 50 టన్నుల యాంటీబయోటిక్స్ వాడిన దేశం, టీకాలు రావడంతో 1990ల మధ్యకల్లా రెండు టన్నులకు లోపే తెచ్చుకుంది, ఆ తర్వాత చేప ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరిగినా మందు పెరగలేదు. కానీ అక్కడ ప్రతి సాల్మన్‌కూ పొట్టలో సూది వేస్తారు, ఒక్కో చేప అంత ఖరీదైనది. పైసల్లో కొనే రవ్వ పిల్లకు సూది వేయడం మన చెరువుల్లో కుదిరే పని కాదు. పైగా ఆ టీకా పనిచేయడానికీ పక్వమైన తల మూత్రపిండం, ప్లీహం ఉండాలి. టీకా వాదం వయసు వాదానికి ఎదురు కాదు, తోడు.

విదేశాల్లో ట్రౌట్, జీబ్రా చేపల మీద తేలినవి మన రవ్వకు ఎలా వర్తిస్తాయన్నది ఇంకా పదునైన ప్రశ్న. అన్ని చేపలూ ఒకటి కాదన్నదానికి పెద్ద సాక్ష్యం అట్లాంటిక్ కాడ్. 2011లో దాని జన్యుపటం చదివినవాళ్లకు, యాంటీబాడీ వ్యవస్థకు కీలకమనుకున్న కొన్ని జన్యువులే దానిలో కనిపించలేదు. అయినా ఆ చేప సముద్రంలో హాయిగా బతుకుతోంది. కాబట్టి ప్రతి అంకెనూ గుడ్డిగా తెచ్చుకోకూడదు. అయితే ఇక్కడ వాదానికి ఆధారమైన ప్రయోగాల్లో ముఖ్యమైనవి బంగారు తీగ మీద, కొర్రమట్ట మీద జరిగాయి. రెండూ మన చెరువుల్లోనివే. జీబ్రా చేప కూడా కార్ప్ బంధువే. రవ్వ విషయానికొస్తే, భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ 1992లో నార్వే సహకారంతో మేలైన రవ్వను ఎంపిక చేసే పని మొదలుపెట్టింది. స్వాతంత్ర్య స్వర్ణోత్సవం పేర జయంతి అని పేరు పెట్టిన రకం దాన్నుంచే వచ్చింది. ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియాను తట్టుకునే రవ్వ వంశాలనూ అక్కడే వేరుచేశారు. రోగం తట్టుకునే శక్తి రవ్వలో తరాలకు దిగుతుందని దాంతో రుజువైంది.

మన తాతల కాలంలో ఈ లెక్కలేవీ లేవు, చెరువుల్లో చేపలు లేకపోయాయా అన్నది మరో మాట. ఉండేవి. ఆ చేపలు చాలావరకు ఆ నీళ్లలోనే, తొలకరి వరదకే గుడ్లు పెట్టి పుట్టినవి. లారీ ఎక్కలేదు, వల ఒరుపు లేదు, చలి వచ్చేసరికి వాటికి సహజంగానే నాలుగైదు నెలల వయసు. ఇక్కడ అడుగుతున్నది ఆ సహజ క్రమానికి మన పథకం కాస్త దగ్గరగా రావాలనే. ఇక ఖర్చు: పెద్ద పిల్ల ధర ఎక్కువ, అదే డబ్బుకు తక్కువ పిల్లలు వస్తాయి. నిజమే. ఈ అభ్యంతరానికి మాటలతో జవాబు చెప్పలేం, చెరువులో బతికిన పిల్లల లెక్కతోనే చెప్పాలి. ఆ లెక్క తీయకుండా వదిలిన పిల్లల లెక్క మాత్రమే ప్రకటించినంత కాలం చవక ఏదో, ఖరీదు ఏదో తేలదు.

తేల్చే సాధనాలు దూరంగా ఏమీ లేవు. కోరుట్లలో పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయపు వెటర్నరీ కళాశాల ఉంది. అదే విశ్వవిద్యాలయానికి వనపర్తి జిల్లా పెబ్బేరులో మత్స్య కళాశాల ఉంది. అవయవాన్ని మైనంలో పోసి, తరిగి, రంగు వేసి చూడడం పశువైద్య విద్యార్థికి రోజువారీ పాఠం. జిల్లాకు వచ్చే ప్రతి సప్లయర్ లారీలోంచి కొన్ని పిల్లలను తీసి తల మూత్రపిండం, ప్లీహం పలకలు చేయించడం, అదే చెరువులోంచి నెల తర్వాత, చలికాలం మధ్యలో మళ్లీ కొన్ని తీసి పోల్చడం విద్యార్థుల ప్రాజెక్టుకు సరిపోయే పని. జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల మత్స్యశాఖ అధికారులు ఈ ఏడాది చెరో రెండు చెరువుల్లోనైనా దీన్ని మొదలుపెట్టాలి. ఈలోగా మత్స్య సహకార సంఘాలవాళ్లు లారీ వచ్చినప్పుడు కొలబద్దతో పాటు స్పాన్ తేదీ అడగాలి, నీటి వేడి చూసే థర్మామీటరు ఒకటి దగ్గర పెట్టుకోవాలి, ఆగస్టు దాటాక వచ్చిన చిన్న పిల్లలను తీసుకోబోమని రాతపూర్వకంగా చెప్పాలి.